రెండు అమ్మమ్మలు మిగిలాయి

ఆ ఇంటి యజమానికి అన్నీ ఉన్నాయి, ఒక్క తప్పు తప్ప. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన పొరపాటున కూడా ఒక తప్పు చేసిన పాపాన పోలేదు. పొయ్యిమీద పాలు పెట్టి పేపరు చదువుకుంటుంటే పొంగిపోయాయి, అది పాల తప్పు. ఒక బస్సు ఎక్కబోయి ఇంకో బస్సెక్కి ఊరవతల తేలాడు, అది బస్సు తప్పు. గోడకి మేకు కొట్టబోయి బొటనవేలు చితక్కొట్టుకున్నప్పుడు కూడా, నెత్తురోడుతున్న వేలిని పైకెత్తి పట్టుకుని, "ఈ గోడ కట్టినవాడెవడో గానీ..." అని మొదలుపెట్టాడు.

భార్య దూది తెచ్చి కట్టు కడుతూ, "అవునండీ, సరిగ్గా మీరు వేలు పెట్టబోయే చోటే కట్టాడు, బుద్ధిలేనివాడు," అంది.

ఆయన గంభీరంగా తలూపాడు. వెక్కిరింపు అర్థం కావాలంటే ముందు తనవల్ల తప్పు జరిగే అవకాశం ఉందని ఒప్పుకోవాలి కదా.

ఇంటివరకూ అయితే ఇలాంటి మనిషితో పెద్ద నష్టం లేదు. పాలు పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు. చిక్కల్లా ఆయన పోలీసు ఇన్‌స్పెక్టరు కావడంతోనే వచ్చింది.

ఆమె కాలేజీలో తెలుగు సాహిత్యం చదివింది. ఆ చదువుని ఇన్నాళ్ళూ మొగుడి మాటల్లో తప్పులేరుకుని లోలోపల నవ్వుకోవడానికి తప్ప ఇంకెందుకూ వాడుకోలేదు. వాళ్ళకి ఒక్కడే కొడుకు. చిన్నప్పుడు ఒక్కచోట నిలిచేవాడు కాదని వాళ్ళమ్మమ్మ వాడికి కందిరీగ అని పేరు పెట్టింది. తలుపులు ధడేల్మని వేసేవాడు, మెట్లు రెండేసి దూకేవాడు, అన్నం నిలబడి తినేవాడు. కాలేజీకి వచ్చాక కూడా అంతే. అలాంటివాడు ఈమధ్య కుదురుకున్నాడు. పిలిస్తే నెమ్మదిగా తలెత్తుతాడు. అడిగితే ఒక్క మాట చెబుతాడు. తలుపు వేస్తే చప్పుడు కాదు.

"చూశావా? పెంపకమంటే ఇదీ," అన్నాడు తండ్రి.

ఆమెకీ సంతోషంగానే ఉండేది. అన్నిటికంటే సంతోషం, వాడు రెండు వీధుల అవతల ఒంటరిగా ఉండే వాళ్ళమ్మమ్మ దగ్గరికి తరచూ వెళ్ళడం. ఈ కాలంలో ఏ కుర్రాడు వెళ్తాడు? తిరిగొస్తే చొక్కాకి ఆ ఇంటి వాసన కూడా అంటుకుని ఉండేది. పాత ట్రంకుపెట్టె వాసన, మడతపెట్టిన దుప్పట్ల మధ్య వేసే కలరా ఉండల వాసన.

"అమ్మమ్మ ఎలా ఉందిరా?" అని అడిగేది.

"బాగుందమ్మా," అనేవాడు కళ్ళు అరమోడ్చి.

ఇది ఇంట్లో సంగతి. ఊళ్ళో సంగతి వేరు. ఊళ్ళో పిల్లలు నిద్రపోతున్నారు.

బస్టాపు బల్లలమీద, సినిమాహాలు మెట్లమీద, లైబ్రరీలో పుస్తకాల అలమరల సందుల్లో పట్టపగలే గోడకి చేరగిలబడి కనిపిస్తున్నారు. పెదాలు నీలంగా, వేళ్ళు చల్లగా, మొహాన ఏదో మంచి కల కంటున్నట్టు చిన్న నవ్వు. తట్టి లేపితే కొందరు లేచారు. కొందరు లేవలేదు. ఏదో కొత్తరకం మత్తు అని డాక్టర్లు అన్నారు. అదెలా ఉంటుందో, ఎలా తీసుకుంటారో ఎవరికీ తెలియదు. జేబులు వెతికితే మాత్రలు లేవు, పొడి లేదు. పిప్పరమెంటు చుట్టినట్టుండే పల్చటి కాగితం ముక్కలు తప్ప ఏమీ దొరకలేదు.

ఇన్‌స్పెక్టరు రంగంలోకి దిగాడు. అనుమానం ఉన్న కుర్రాళ్ళ ఫోన్లు వినడానికి పైనుంచి అనుమతి తెచ్చుకున్నాడు. విన్న ప్రతి ఫోన్లోనూ ఒకటే మాట. అమ్మమ్మ వచ్చింది. అమ్మమ్మ మార్కెట్ వెనక ఉంది. ఇవాళ అమ్మమ్మ కోపంగా ఉంది, జాగ్రత్త. ఒకసారి చెయ్యి పట్టుకుందంటే అమ్మమ్మ వదలదురా.

"ముసలావిడ!" అన్నాడు ఇన్‌స్పెక్టరు బల్ల గుద్ది. "దీని వెనక ఒక ముసలావిడ ఉంది. ఆ పిల్లల దగ్గర కలరా ఉండల వాసన వస్తోందని డాక్టరు చెప్పాడు. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?"

అప్పుడు ఆమె చపాతీ పిండి కలుపుతోంది. కలరా ఉండల మాట చెవిన పడగానే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత మళ్ళీ కలిపింది. మనసు ఒక దారిన పోబోతే ఆ దారికి అడ్డంగా తనే కూర్చోవడం మనిషికి చాతవుతుంది.

విలేకర్లని పిలిచి ఇన్‌స్పెక్టరు ప్రకటించేశాడు. ముఠా నాయకురాలు ఒక వృద్ధురాలు, రేపోమాపో పట్టేస్తాం. ఇక చూడండి. కొంచెం నడుము వంగిన ప్రతి ఆడమనిషి సంచీనీ బస్టాపులో పోలీసులు తిరగేశారు. కళ్ళజోడు డబ్బాలు విప్పారు, చేతికర్రలు విదిలించి చూశారు. ఇన్‌స్పెక్టరు సొంత అత్తగారిని కూడా పాలబూతు దగ్గర ఆపారు. ఆవిడ ఇంటికి వెళ్ళగానే అల్లుడికి ఫోను కొట్టింది.

"అల్లుడుగారూ, నన్నెప్పుడు అరెస్టు చేయిస్తారు? ముందుగా చెబితే ఉతికిన బట్టలు కట్టుకుని తయారుగా కూర్చుంటాను."

"ఇది సరదా కాదండీ, పెద్ద కేసు," అన్నాడు ఆయన.

"నాకూ సరదాగా లేదు నాయనా. మీ కానిస్టేబులు నా దగ్గుమందు సీసా మూత తీసి వాసన చూశాడు. పాపం, వాడికి తుమ్ములు ఆగలేదు."

చివరికి ఒకావిడ దొరికింది. పాత గుడ్డలతో బొంతలు కుట్టుకుని బతికే ముసలావిడ. మూట విప్పితే గుప్పుమని కలరా ఉండల వాసన. ఇంకేం, తీసుకొచ్చి స్టేషన్లో బల్లమీద కూర్చోబెట్టారు. ఆవిడ ఆ రోజంతా నోరెత్తకుండా కూర్చుని, సాయంత్రం మాత్రం, "బాబూ, ఆ కిటికీ తెర అంచు ఊడిపోయింది. సూదీదారం ఇప్పించండి, ఊరికే కూర్చుంటే నడుం పట్టేస్తోంది," అందట.

"గుండెలు తీసిన మనిషి," అన్నాడు ఇన్‌స్పెక్టరు మెచ్చుకోలుగా.

ఆ ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ భోజనాలకి కూర్చున్నారు. సాయంత్రం బొంతలావిణ్ణి విలేకర్ల ముందు నిలబెట్టాలి. ఆయన మంచి హుషారుగా ఉన్నాడు. స్టేషను సంగతులు ఇంట్లో చెప్పకూడదని ఆయనకి తెలుసు. కానీ మెచ్చుకునేవాళ్ళు లేకపోతే ఆయనకి అన్నం సహించదు.

"ఇవాళ పొద్దున ఇంకొకటి విన్నాం. ముఠాలో ఒకావిడ కాదు, ముగ్గురున్నారు! వాడెవడో ఫోన్లో అంటున్నాడు: 'రెండు అమ్మమ్మలు మిగిలాయి, సాయంత్రానికి పంపేస్తా.' అంటే ఒకావిడ మన దగ్గరుంది, ఇంకా ఇద్దరు బయట ఉన్నారన్నమాట."

ఆమె నీళ్ళ గ్లాసు నోటిదాకా తెచ్చి ఆపేసింది. "ఏమన్నాడు? మళ్ళీ చెప్పండి."

"రెండు అమ్మమ్మలు మిగిలాయి."

"ఇద్దరు అమ్మమ్మలు మిగిలారు అనలేదా?"

"అనలేదు. నా చెవులతో విన్నాను."

"అయితే అమ్మమ్మ మనిషి కాదండీ."

"మరేమిటి, రాక్షసా?"

"రాక్షసులైనా ఇద్దరే అవుతారు, రెండు అవరు. అది వస్తువు. మనుషులు ఇద్దరు, కుర్చీలు రెండు. మనుషులు మిగులుతారు, కుర్చీలు మిగులుతాయి. ఒక్కతే ఉన్నంతసేపూ తేడా తెలీదు. అమ్మమ్మ వచ్చింది, బస్సు వచ్చింది, రెండింటికీ మాట ఒకటే. అందుకే ఇన్నాళ్ళూ మీకు బోధపడలేదు. రెండయ్యేసరికి బండారం బయటపడింది. ఏవండీ, అమ్మమ్మ అంటే ఆ మత్తుమందే."

కొడుకు కంచంలో వేళ్ళు కదలడం మానేశాయి. అది ఆమె చూసింది. చూసి కూడా, కూర బాలేదేమో అనుకుంది.

ఇన్‌స్పెక్టరు పెద్దగా నవ్వాడు. "వీధి వెధవలకి వ్యాకరణం ఒకటా?"

"వ్యాకరణం వాళ్ళకి రాకపోవచ్చు. వాళ్ళ నాలుకకి వచ్చు. అక్షరం ముక్క రానివాణ్ణి నిద్రలో లేపి అడగండి, 'నాకు రెండు మేనత్తలు ఉన్నాయి' అంటాడేమో."

"నువ్వు చదివిన ఆ నాలుగు పుస్తకాలతో నా కేసు తేల్చేస్తావా? ఊరందరికీ చెప్పాను ముసలావిడ అని. ఇవాళ పోయి, కాదండీ, మా ఆవిడ బహువచనం కుదరలేదంటోంది, అని చెప్పమంటావా?"

"చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే పిల్లలు పోతారు."

"నువ్వన్నట్టే అనుకుందాం. మొన్న మూతపడ్డ లాండ్రీ షెడ్డుకి మావాళ్ళని పంపాను. 'లాండ్రీలో అమ్మమ్మ ఉంది' అని ఫోన్లో విన్నాం. వెళ్ళి మూలమూలా వెతికారు. ముసలావిడ జాడే లేదు. ఎవరో కుర్రాళ్ళు పడుకుని నిద్రపోతున్నారట, అంతే. లేపి తరిమేసి వచ్చారు."

"పట్టపగలు నిద్రపోతున్నారా?"

"సెలవు రోజు కదా."

ఆయన తన మాట తనకే ఎక్కడో తగిలినట్టు మజ్జిగ అడగబోయి మరిచిపోయాడు. ఇంతలో కొడుకు లేచాడు.

"నాకు చాలమ్మా."

"ఎక్కడికిరా ఈ ఎండలో?"

వాడు చెప్పులు వేసుకుంటూ ఆమె వైపు చూడలేదు. "అమ్మమ్మ దగ్గరికి."

"వెళ్ళు. నేను అడిగానని చెప్పు."

"చెప్తా."

కొడుకు నోట ఆ మాటకి ఒక్కటే అర్థం ఆమెకి. ఊరంతటికీ ఎన్ని అర్థాలున్నా, తన తల్లి తన తల్లే. తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది.

ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టేషనుకి వెళ్ళిపోయాడు. ఆమె గిన్నెలు సర్ది, బట్టలు నానబెట్టడానికి బకెట్టు ముందు కూర్చుంది. అలవాటు కొద్దీ జేబులు తడిమింది. కొడుకు చొక్కా జేబులో ఏదో మెత్తగా తగిలింది. తీసి చూస్తే పల్చటి కాగితం ముక్క. వెలుతురుకి పెడితే అవతలి వేలు కనిపిస్తోంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ట్రంకుపెట్టె.

అమ్మ ఇంట్లో ఇలాంటి కాగితాలు ఎందుకుంటాయి, అనుకుంది. ఆ ప్రశ్న వేసుకున్నాక ఇక ఆ దారికి అడ్డంగా కూర్చోవడం ఆమెవల్ల కాలేదు. తడిచేతులు చీరకి తుడుచుకుంటూ రెండు వీధులూ దాదాపు పరిగెత్తింది.

తల్లి కుర్చీలో కూర్చుని రేడియో వింటోంది. గదిలో ఇంకెవరూ లేరు.

"వాడేడే?" అంది ఆమె గుమ్మంలోంచే.

"ఎవడు?"

"కందిరీగ. నీ దగ్గరికే వచ్చాడు కదా ఇప్పుడు."

"నా దగ్గరికా?" తల్లి రేడియో ఆపింది. "నా మొహం చూసి ఎన్నాళ్ళైందో వాణ్ణే అడుగు. పండో ఫలమో పట్టుకుని ఎప్పుడైనా వస్తాడేమోనని నేను గుమ్మం వంక చూడటం, మీ పోలీసులు నా సంచీ వంక చూడటం. ఇదే సరిపోతోంది."

ఆమె అక్కడే గోడకి ఆనుకుంది. ఇన్నాళ్ళూ ఎన్నిసార్లు అడిగింది, అమ్మమ్మ ఎలా ఉందిరా అని. ఎంత నిజంగా చెప్పాడు వాడు, బాగుందమ్మా అని.

ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఈసారి తీశాడు.

"ఎక్కడున్నావురా?"

చాలాసేపటికి జవాబొచ్చింది. నీళ్ళ అడుగునుంచి మాట్లాడుతున్నట్టుంది గొంతు. "అమ్మమ్మ... దగ్గరున్నానమ్మా."

ఆమె ఎదురుగా కూర్చున్న తన తల్లి మొహంలోకి చూసింది.

"నాన్నా, నిద్రపోకు. నాతో మాట్లాడు. చుట్టూ ఏముందో చెప్పు."

"గుండ్రటి... అద్దాలు," అన్నాడు వాడు ముద్దగా. "చల్లగా ఉంది..." తర్వాత ఊపిరి మాత్రమే వినిపించింది. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య ఆమె బతుకంతా పట్టేంత ఖాళీ.

ఆ ఫోను పెట్టెయ్యకుండా తల్లి ఫోను లాక్కుని మొగుడికి కొట్టింది.

"ఇక్కడ కెమెరాలు పెడుతున్నారు, తర్వాత చెయ్యి," అన్నాడాయన.

"వాడు అమ్మమ్మ దగ్గరున్నాడండీ."

"ఉండనీ. మంచిదేగా."

"నేను అమ్మ గదిలోనే ఉన్నాను. అమ్మ నా ఎదురుగా కూర్చుంది. వాడు ఇక్కడ లేడు." ఆమె గొంతు ఎక్కడా పెరగలేదు. "గుండ్రటి అద్దాలున్నాయంటున్నాడు, బట్టలుతికే యంత్రాలవేమో. మీవాళ్ళు కుర్రాళ్ళని లేపి తరిమేసిన చోటు కదూ అది?"

అవతల కుర్చీ ఒకటి వెనక్కి పడిన చప్పుడైంది.

ఆమె ఆటో దిగేసరికి లాండ్రీ షెడ్డు ముందు జీపు తలుపులు తెరిచే ఉన్నాయి. లోపల చీకటిగా, తేమగా ఉంది. గోడ పొడుగునా తుప్పుపట్టిన పెద్ద పెద్ద యంత్రాలు, వాటికి గుండ్రటి అద్దం తలుపులు. షెడ్డంతా అదే వాసన. ప్రపంచంలోని అమ్మమ్మలందరి పెట్టెలూ ఒక్కసారి తెరిచినట్టు. ఒక యంత్రానికి ఆనుకుని కూర్చున్న కుర్రాడి మెడమీద హెడ్ కానిస్టేబులు చెయ్యి పెట్టి చూశాడు. చెయ్యి తీసి, టోపీ తీశాడు. ఆ కుర్రాడి ఒళ్ళో ఫోను మోగుతూనే ఉంది. తెరమీద 'అమ్మ' అని వెలుగుతోంది. ఎత్తడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

వాడి పక్కనే కందిరీగ. తండ్రి వాణ్ణి ఒళ్ళోకి లాక్కుని చెంపలు తడుతున్నాడు. కొడుకు పెదాలు సిరా పూసినట్టున్నాయి. ఆయన నోటినుంచి ఒక్క ముక్కే వస్తోంది: "లేరా. లేరా. లేరా."

అంబులెన్సు నర్సు మోకాళ్ళమీద కూలబడి కుర్రాడి కనురెప్పలెత్తి చూసింది. "ఏం తీసుకున్నాడు?"

"ఎవరిచ్చారో కనుక్కుంటాం," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఆ ముసలి..."

"ఎవరని కాదు సార్. ఏమిటని అడుగుతున్నాను."

ఇన్నాళ్ళూ ఊరంతా ఎవరు, ఎవరు అని అడిగిన మనిషికి, ఏమిటి అన్న చిన్న ప్రశ్నకి జవాబు నాలుకమీదే ఉండి బయటికి రాలేదు. ఆమె గుప్పిట విప్పి కాగితం ముక్క నర్సుకి చూపించింది. "ఇది. వాడి జేబులో దొరికింది. మాత్రా పొడీ ఏమీ లేవంటే, ఈ కాగితాన్నే నాలిక కింద పెట్టుకుంటారనుకుంటా. మనిషి మందగిస్తాడు, వేళ్ళు చల్లబడతాయి, కునుకు పడుతుంది. మా ఇంట్లో కొన్నాళ్ళుగా జరుగుతోంది. మేం బుద్ధిమంతుడయ్యాడనుకున్నాం."

నర్సు వాడి ముక్కులో ఏదో మందు కొట్టి, మొహానికి గాలి తొడుగు పెట్టి నొక్కడం మొదలుపెట్టింది. షెడ్డులో ఆ తొడుగు బుస్సుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. నర్సు మళ్ళీ మందు కొట్టింది. కందిరీగ ఒంట్లో ఏదో కదిలింది. గొంతులోంచి గురకలాంటి ఊపిరి ఒకటి, చింపుకుని వచ్చినట్టు, బయటికి వచ్చింది.

"ఇప్పుడే సంబరపడకండి," అంది నర్సు. "ఈ మందు దిగిపోయాక కూడా ఆ మత్తు లోపలే ఉంటుంది. మళ్ళీ లాక్కుపోవచ్చు. ఇవాళ అంతా కనిపెట్టుకుని ఉండాలి. ఇదేమిటో ముందే తెలిసుంటే ప్రతి బండిలో ఇంకా ఎక్కువ మందు పెట్టుకునేవాళ్ళం సార్. మా దగ్గర ఇదే ఆఖరు."

ఆసుపత్రి వరండాలో పొడుగాటి బల్లమీద మొగుడూ పెళ్ళాలు పక్కపక్కనే కూర్చున్నారు. అద్దంలోంచి కొడుకు కనిపిస్తున్నాడు. వాడి గుండె ఎగిసిపడుతున్నంతసేపూ ఆమె ఊపిరి పీల్చుకుంటోంది, అది తగ్గినప్పుడల్లా తనూ బిగబట్టుకుంటోంది. లోపల అమ్మమ్మ ఇంకా వాడి చెయ్యి వదల్లేదు.

ఆయన చొక్కామీద ఇస్త్రీ మడత ఒక్కటీ మిగల్లేదు. నడుముకున్న వైర్‌లెస్ గరగరమంది.

"సార్, విలేకర్లు వెళ్ళిపోతామంటున్నారు. ముసలావిణ్ణి చూపించెయ్యమంటారా? ఓవర్."

ఆయన దాన్ని తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఆమె సాయంత్రానికి పంపేస్తానన్న ఆ రెండూ ఇప్పుడు ఎవరి జేబులో ఉన్నాయో, ఏ ఇంట్లో ఏ తల్లి అన్నం వడ్డిస్తూ అమ్మమ్మ దగ్గరికా, వెళ్ళిరా నాన్నా, అంటోందో అని ఆలోచిస్తోంది. అదే ఆయనా ఆలోచిస్తున్నాడని ఆమెకి తెలుసు. మొహం చూస్తే తెలిసిపోతోంది.

"అన్ని స్టేషన్లకీ కలుపు," అన్నాడు చివరికి.

"అన్నిటికీనా సార్?"

"అన్నిటికీ. ఆసుపత్రులకి కూడా. విలేకర్లని పక్కనే నిలబడి వినమను." ఒకసారి గొంతు సవరించుకున్నాడు. "అమ్మమ్మ అంటే మనిషి కాదు. అది మత్తుమందు. పల్చటి కాగితంలా ఉంటుంది, కలరా ఉండల వాసన వస్తుంది. నాలిక కింద పెట్టుకుంటారు. నిద్రపోతున్న కుర్రాళ్ళు ఎక్కడ కనిపించినా తరమకండి. అంబులెన్సు పిలవండి. అమ్మమ్మ దగ్గరికి వెళ్తున్నామని చెప్పే పిల్లలుంటే, తల్లిదండ్రులు వెంటనే అమ్మమ్మకి ఫోను చేసి కనుక్కోమనండి. స్టేషన్లో ఉన్న ఆవిడకి ఏ సంబంధమూ లేదు. జీపులో ఇంటిదగ్గర దింపండి. నేను వచ్చి క్షమాపణ చెప్పుకుంటానని చెప్పండి."

అవతల హెడ్ కానిస్టేబులు గొంతు, ఇబ్బందిగా: "సార్, మరి విలేకర్లు అడుగుతున్నారు. ఇన్నాళ్ళూ ముసలావిడ అన్నది... పొరపాటు ఎక్కడ జరిగిందని చెప్పమంటారు? ఓవర్."

ఆయన అద్దంలోంచి కొడుకు వైపు చూశాడు. తర్వాత భార్య వైపు చూశాడు. ఆమె చూపు దించుకోలేదు, సాయానికీ పోలేదు.

"తప్పు నాది," అన్నాడు.

"సార్, సిగ్నల్ సరిగా లేదు. ఆఖరి మాట వినబడలేదు. మళ్ళీ చెప్పండి. ఓవర్."

ఆయన వైర్‌లెస్‌ని నోటికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాడు.

"తప్పు నాది. మా ఇంట్లోనే చెప్పారు, నేను వినలేదు. పూర్తిగా నాదే తప్పు. ఓవర్."